సామగ్రి నంబరు నలభై ఒకటి

నేను మనిషిగా పుట్టాను. యాభై ఎనిమిదో ఏట విమాన సామగ్రిగా నమోదయ్యాను. నమోదు సక్రమంగానే జరిగింది. స్టోరు రిజిస్టరులో నా పైవరసలో మంటలార్పే సిలిండరు ఉంది. నా కిందివరసలో గొడ్డలి ఉంది. మధ్యలో నేను.

నేను పనిచేసేది మెరకపేటలో. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్లు అక్కడ రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, వాళ్లు వెళ్లిపోయారు, రన్‌వే మిగిలింది. ఇప్పుడు అక్కడ ఫ్లయింగ్ క్లబ్బు నడుస్తోంది. రెండు సీట్ల విమానాలు రెండున్నాయి. వాటిలో ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉంటుంది. సొంతంగా విమానం నడపాలని సరదా ఉన్నవాళ్లు వచ్చి నేర్చుకుంటారు. నా ఉద్యోగం రన్‌వే మీదికి వచ్చిన గేదెలను తోలడం. పద్దెనిమిదేళ్లు తోలాను. ఒక్క గేదెకూ విమానం తగల్లేదు. అందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు. గేదెలు కూడా.

ఊరి బడిలో ఎనిమిదిదాకా చదివాను. నిబంధన అంటే ఏమిటో మాత్రం బడిలో నేర్చుకోలేదు, ఆసుపత్రిలో నేర్చుకున్నాను. మా ఆవిడను స్ట్రెచరు మీద పెట్టుకుని రెండో కౌంటరుకు వెళితే నాలుగుకు వెళ్లమన్నారు. నాలుగులో రెండో కౌంటరు ముద్ర కావాలన్నారు. ముద్ర వేయించుకొచ్చేసరికి ముద్రతో పని లేకుండా పోయింది. ఆరేళ్లయింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ముద్ర చాలా స్పష్టంగా పడింది.

అందుచేత క్లబ్బులో పద్నాలుగో నంబరు సర్క్యులర్ వచ్చినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు.

గొడవ కళ్ల డాక్టరుగారితో మొదలైంది. ఆయన పైలటు లైసెన్సు ఉన్న మెంబరు. విమానం రెక్క కింద గాలి వేగం కొలిచే చిన్న గొట్టం ఉంటుంది. అందులో పురుగులు దూరకుండా దానికి ఎర్ర గుడ్డ తొడిగి ఉంచుతారు. ఎగిరే ముందు తీసెయ్యాలి. డాక్టరుగారు తియ్యలేదు. గుడ్డతోనే ఎగిరారు, గుడ్డతోనే దిగారు.

ఆదివారం కాంటీన్లో భద్రతా సమావేశం పెట్టారు. పైలట్లు తమకు జరిగిన ప్రమాదాలు చెప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తప్పు గాలిది, నేర్పు తమది. గ్రానైటు క్వారీ ఓనరు ఒకాయన మేఘంలో దూరిన కథ చెప్పాడు. ఆ కథ నాకు తెలిసి పదకొండోసారి. మేఘం ఏటేటా పెరుగుతోంది. తరవాత డాక్టరుగారి వంతు వచ్చింది.

"వేగం ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. నేనేం కంగారుపడలేదు" అన్నారాయన.

"మరి దిగ్గానే నాలుగు గ్లాసుల నీళ్లు తాగారే" అన్నాడు కెప్టెన్ జోషువా. ఆయన మా క్లబ్బులో విమానం నేర్పే గురువు. ముప్పై ఏళ్లుగా నేర్పుతున్నాడు. ముఖం చూస్తే అంతా తెలిసిపోతుంది.

"ఎండగా ఉంది."

"మూరెడు ఎర్ర గుడ్డ కనబడలేదా సార్?"

"ఎర్రగా ఉంటే విమానంలో భాగమనుకున్నాను" అన్నారు కళ్ల డాక్టరుగారు.

అప్పుడు భద్రతాధికారి పేరి విశ్వపతిగారు లేచి నిలబడ్డారు. ఆయన తూనికలు కొలతల శాఖలో రిటైరై మా క్లబ్బుకు వచ్చారు. విమానం ఎప్పుడూ ఎక్కలేదు. మేడమెట్లు ఎక్కినా ఆయనకు కళ్లు తిరుగుతాయి.

"సభ్యులారా, సదరు సంఘటనకు మూలకారణం గుడ్డ కాదని సవినయంగా మనవి. గుడ్డ తీయబడినదా అని ప్రశ్నించినప్పుడు, తీయబడినది అని జవాబు చెప్పే రెండవ వ్యక్తి విమానంలో లేకపోవడమే మూలకారణమని ప్రాథమికంగా నిర్ధారించడమైనది. పెద్ద విమానాల్లో ఒకరు జాబితా చదువుదురు, వేరొకరు జవాబు చెప్పుదురు. మన విమానం చిన్నదైనంత మాత్రాన మన భద్రత చిన్నది కారాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. వడలు వచ్చే వేళయింది.

మర్నాడు పద్నాలుగో నంబరు సర్క్యులర్ అంటించారు. ఇకమీదట ఏ విమానమూ, ఏ కారణం చేతనూ, జాబితా చదువువారు ఒకరు, జవాబు చెప్పువారు ఒకరు లేకుండా నేల విడువరాదు.

దాన్ని మొదట చదివింది పూసర్ల రత్నమాలగారు. ఆవిడకు చీపురుపల్లిలో మోటారు పంపుల దుకాణం ఉంది. వయసు యాభై. ఇంకా శిష్యురాలే. లైసెన్సు రావాలంటే విమానంలో తనొక్కర్తే కూర్చుని పది గంటలు నడపాలి. దాన్ని సోలో అంటారు. ఎనిమిదిన్నర గంటలు అయ్యాయి. గంటన్నర మిగిలింది. ఆ గంటన్నర జనవరి ముప్పై ఒకటిలోగా పూర్తి కాకపోతే ఆవిడ పాసైన రాత పరీక్షలన్నీ చెల్లకుండా పోతాయి. వాటిని ఆవిడ నాలుగేళ్లు రాసింది. వాతావరణం పరీక్ష ఒక్కటే ఐదుసార్లు.

అప్పటికి తేదీ ఎనిమిది.

ఆవిడ తిన్నగా విశ్వపతిగారి గదికి వెళ్లింది. అప్పుడు నేను అక్కడ కుండలో నీళ్లు పోస్తున్నాను.

"ఏటండీ ఇది? సోలో అంటే ఒక్కర్తినే కదేటండీ వెళ్లాల?"

"నిస్సందేహంగా ఒక్కరే."

"మరి ఇద్దరుండాలని అంటించీసినారు."

"నిస్సందేహంగా ఇద్దరు."

"ఒక్కరా, ఇద్దరా?"

"అమ్మా, మీరు దీన్ని లెక్కగా చూస్తున్నారు. విధానంగా చూడండి."

"నేను పంపులు అమ్ముకుంటానండీ. నాకు లెక్కే తెలుసు. సరే, రెండో మనిషిగా కెప్టెన్‌గారిని కూచోబెట్టుకుంటాను."

"గురువు కూర్చుంటే అది పాఠమవుతుంది, సోలో కాదు."

"క్వారీ బాబుగారు?"

"లైసెన్సున్నవారు కూర్చుంటే విమానం వారిదవుతుంది."

"మా ఆయన?"

"ఆయన ప్రయాణికుడు. శిష్యులు ప్రయాణికులను ఎక్కించుకోరాదు."

"అయితే పైలటు కాకూడదు, ప్రయాణికుడు కాకూడదు. మనిషైతే ఉండాల. అలగా?"

"సరిగ్గా గ్రహించారు" అన్నారు విశ్వపతిగారు.

"అలాటోడెవడుంటాడండీ లోకంలో?"

విశ్వపతిగారు మూడు రోజులు ఆలోచించారు. నాలుగో రోజు పొద్దున కెప్టెన్ జోషువాను, రత్నమాలగారిని పిలిపించారు. నన్నూ పిలిపించారు. నేను మళ్లీ కుండ సంగతేమో అనుకుని నీళ్ల బకెట్టుతో వెళ్లాను.

"విమానంలో ఉండదగినవి మూడే మూడు" అన్నారాయన. "నడుపువారు, ప్రయాణికులు, సామగ్రి. మొదటి రెండూ మనకు నిషిద్ధం. కావున జవాబు చెప్పు వ్యక్తిని సామగ్రిగా పరిగణించుటకు అభ్యంతరం కనిపించుట లేదు."

కెప్టెన్ జోషువా కిటికీలోంచి బయటికి చూశాడు. "మాట్లాడే సామగ్రా సార్?"

"రేడియో మాట్లాడుట లేదా?"

 దానికి జవాబు నా దగ్గర ఉంది గాని నన్నెవరూ అడగలేదు.

"ఈ నాయుడైతే సరిపోతాడు. చదవను రాయను వచ్చు. విమాన విద్య బొత్తిగా తెలియదు. బరువు తక్కువ. ముఖ్యంగా, అనవసరంగా మాట్లాడడు."

రత్నమాలగారు నా వైపు తిరిగింది. "నాయుడుగారూ, మీకు ఒప్పుదలేనా? మీకు ఇష్టం లేకపోతే నేను అడగను."

"నాకేటమ్మా" అన్నాను. "గేదెల్ని ఎవులు తోల్తారు మరి?"

"సామగ్రి ప్రశ్నలు వేయరాదు" అన్నారు విశ్వపతిగారు. ఆయన అప్పటికే మొదలుపెట్టేశారు.

స్టోరు కీపరు పైడిరాజు మా ఊరివాడు. నన్ను మావా అంటాడు. కొత్త సామాను వస్తే రిజిస్టరులో అన్ని గళ్లూ నింపాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వాడి ఉద్యోగం పోతుంది. నన్ను కాటా మీద నిలబెట్టాడు. అరవై ఒక్క కిలోలు. చెప్పులు విప్పించి మళ్లీ తూచాడు.

"తయారైన తేదీ చెప్పు మావా."

"జూలై ఒకటి."

"నిజంగా?"

"బళ్లో మేస్టారు అలగే ఏసినారు. మా క్లాసులో ఇరవైమందిమి జూలై ఒకటే."

"ఒకే బేచ్చి అన్నమాట" అని రాసుకున్నాడు. "తయారుచేసినోరు?"

"మా అయ్య. సూరినాయుడు."

"మళ్లీ ఇలాటిది కావాలంటే దొరుకుద్దా?"

"ఆయన పోయి ఇరవై ఏళ్లయింది."

తయారీదారు సూరినాయుడు, ప్రస్తుతం ఉత్పత్తి లేదు అని రాశాడు. తరవాత నా చొక్కా జేబు మీద తెల్ల పెయింటుతో నలభై ఒకటి వేశాడు. పెయింటు ఆరేదాకా నన్ను సిలిండరు పక్కన నిలబెట్టాడు.

కొత్త సామాను వస్తే వాడుక పుస్తకం ఉండాలి. విశ్వపతిగారు తానే రాశారు. సామగ్రిని నిటారుగా ఉంచవలెను. ఉదయం టీ పోసిన పదిహేను నిమిషాల తరువాత పనిచేయును. జవాబు రానిచో భుజముపై రెండుసార్లు తట్టవలెను. మూడవసారి తట్టరాదు. ఎగురునప్పుడు కదలకుండునట్లు తాడుతో కట్టవలెను. విమానమును నడుపు ఏ పరికరమునూ సామగ్రి ముట్టరాదు. ముట్టినచో అది పైలటుగా మారును.

సాయంత్రం ఇంటికి బయల్దేరితే గేటు దగ్గర ఆపారు. స్టోరు సామాను బయటికి పోవాలంటే చీటీ కావాలి. పైడిరాజు దగ్గరికి వెనక్కి వెళ్లాను.

"ఎందుకు బయటికెల్తున్నట్టు రాయాల?" అన్నాడు.

"తొంగోడానికి."

"సామాన్లు తొంగోవు మావా. ఉండు." చెవి వెనక నుంచి పెన్ను తీశాడు. "చార్జింగుకి అని రాస్తాను."

ఇంటికి వెళ్లి చార్జింగు అయ్యాను.

జాబితాలో ముప్పై నాలుగు ప్రశ్నలున్నాయి. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు అచ్చువేసి ఉంటాయి. తలుపు? మూసి ఉంది. బెల్టు? కట్టి ఉంది. గుడ్డ? తీసి ఉంది. రత్నమాలగారు ఎడమవైపుది చదవాలి, నేను కుడివైపుది చెప్పాలి. కష్టమేమీ లేదు. రెండు రోజుల్లో నోటికి వచ్చేసింది.

మా ఆవిడ ఉన్నప్పుడు రోజూ ఇలాగే అడిగేది. గ్యాసు కట్టావా? కట్టాను. దొడ్డితలుపు గడియ పెట్టావా? పెట్టాను. అని చెప్పాక కూడా లేచి వెళ్లి తానే చూసుకునేది. నా సంగతి ఆమెకు తెలుసు.

పంతొమ్మిదో తేదీన మొదటిసారి ఎగిరాం. కెప్టెన్ జోషువా వచ్చి నా తాడు ముళ్లు చూశాడు.

"భయంగా ఉందా పోలినాయుడూ?"

సామగ్రికి భయం ఉంటుందో లేదో పుస్తకంలో లేదు. అందుకని ఊరుకున్నాను. ఆయన నా భుజం మీద ఒకసారి తట్టి, ఎందుకైనా మంచిదని రెండోసారి తట్టలేదు.

రత్నమాలగారు బాగా నడుపుతుంది. దుకాణంలో బిగుసుకుపోయిన పంపు షాఫ్టు తిప్పే మనిషి, చేతిలో తొందర లేదు. నలభై ఐదు నిమిషాలు తిరిగాం. దిగడానికి వచ్చేసరికి రన్‌వే మధ్యలో ఏడు గేదెలున్నాయి. ఉండక ఏం చేస్తాయి. తోలేవాడు పైన కట్టేసి ఉన్నాడు.

నేను వాటిని ఆవిడకన్నా ముందు చూశాను. పద్దెనిమిదేళ్ల అలవాటు. కాని జాబితాలో గేదెల ప్రశ్న లేదు. అడగనిదానికి సామగ్రి జవాబు చెప్పకూడదు. ఊరుకున్నాను. ఇంకాస్త కిందికి వచ్చాక ఆవిడా చూసింది. విమానాన్ని మళ్లీ పైకెత్తి చుట్టు తిరిగి వచ్చింది. రెండోసారి గేదెలు పక్కకు తప్పుకున్నాయి. వాటికి ఆపాటి తెలివి ఉంది.

దిగాక ఆవిడ నా తాడు విప్పుతూ అడిగింది. "మీకు ముందే కనబడ్డాయా?"

"ఆఁ."

"చెప్పీవచ్చు కదండీ."

"మీరు అడగనేదు."

ఆవిడ నన్ను అదోలా చూసింది. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది.

విశ్వపతిగారు ఆ సాయంత్రమే జాబితా సవరించారు. ముప్పై ఐదో ప్రశ్న చేరింది. గేదెలు? దానికెదురుగా జవాబు కూడా అచ్చువేయించారు. లేవు.

"ఉంటేనో సార్?" అన్నాడు కెప్టెన్ జోషువా.

"జాబితాలో సరైన జవాబు ఒక్కటే ఉండును కెప్టెన్. రెండు జవాబులు ఉన్నచో అది జాబితా కాదు, చర్చ. అచ్చులో ఉన్న జవాబు గాక వేరే జవాబు వచ్చినచో సామగ్రి చెడిపోయినట్లు పరిగణించబడును."

కెప్టెన్ జోషువా టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఆ పని చాలాసార్లు చేసి ఉంటాడు.

తరవాత పదకొండు రోజులు విమానం దొరకలేదు. రెండోది ఎప్పట్లాగే రిపేరులో ఉంది. మొదటిదానికి చక్రం మార్చాలన్నారు. చక్రం వచ్చింది, బోల్టు రాలేదు. రత్నమాలగారు రోజూ వచ్చి విమానాలుంచే హేంగరు ముందు కూర్చునేది. విమానం ఎగరకపోయినా జాబితా అభ్యాసం జరగాలని విశ్వపతిగారి ఆదేశం. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని పూటకు నాలుగుసార్లు చొప్పున చదివేవాళ్లం. ఆవిడ అడిగేది, నేను చెప్పేవాణ్ణి. అక్కడ తలుపూ లేదు, బెల్టూ లేదు. మూసి ఉంది, కట్టి ఉంది అని చెప్పేవాణ్ణి. ఎదురుగా గేదెలు మేస్తుండేవి. లేవు అనేవాణ్ణి. విశ్వపతిగారు స్టాప్‌వాచీ ఆపి టైము చూసి, రోజురోజుకూ మెరుగు కనిపిస్తోందని రాసుకునేవారు.

"ఇది అవకపోతే నేను మళ్లీ రాయలేనండీ నాయుడుగారూ" అంది ఆవిడ ఒకసారి. "కళ్లద్దాల పవరు పెరిగిపోయింది. మా ఆయన నన్నేటీ అనడు. దుకాణంలో కుర్చీ ఒకటి తుడిచి వేస్తాడు, కూచోమని. అది చూస్తే నాకు..." అని ఆపేసి, "బ్రేకులు?" అంది.

"వేసి ఉన్నాయి" అన్నాను.

జనవరి ముప్పై ఒకటిన విమానం సిద్ధమైంది. ఆ రోజే పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఏడాదికోసారి వచ్చి కాగితాలు చూస్తారు. విశ్వపతిగారు ఆయనను షామియానా కింద కూర్చోబెట్టి పద్నాలుగో నంబరు సర్క్యులర్ వినిపిస్తున్నారు. మూడున్నరకు మేం ఎక్కాం. పైడిరాజు నన్ను సీటుకు కట్టాడు. ఇన్‌స్పెక్టరుగారు చూస్తున్నారని నడుముతోపాటు మోకాళ్లకూ కట్టాడు.

రెండు సీట్ల మధ్య, కింద, ఇంధనం పిడి ఉంటుంది. రెక్కల్లో రెండు ట్యాంకులు. పిడి ఎడమకు తిప్పితే ఎడమ ట్యాంకు, కుడికి తిప్పితే కుడిది, నిటారుగా ఉంటే రెండూ. నిటారుగానే ఉండాలి. నా మోకాలు అడ్డం కాబట్టి అది ఆవిడకు కనబడదు, నాకే కనబడుతుంది. ఆ పొద్దున కళ్ల డాక్టరుగారు పక్కన క్వారీ ఓనరును కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరిగి వచ్చారు. దిగేటప్పుడు దాన్ని ఎడమకు తిప్పి వదిలేశారు. ఆ ట్యాంకులో అప్పటికి కాస్తే మిగిలింది.

"పంతొమ్మిది. ఇంధనం పిడి?" అంది రత్నమాలగారు.

"రెండు ట్యాంకులకూ" అన్నాను.

నేను చూడలేదు. చూడాలని తోచలేదు. బెంచీ మీద వందసార్లు చెప్పాను, ఇది నూటొకటి.

ముప్పై ఐదు నిమిషాలు బాగానే గడిచింది. ఇక పది నిమిషాలు. రత్నమాలగారు ముఖం తుడుచుకుంది. అప్పుడు ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. తరవాత దగ్గడం కూడా మానేసింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం కింద షామియానాలో కూడా వినబడిందట.

"నాయుడుగారూ. ఆ పిడి ఎటుంది?"

ఇది జాబితాలో లేని ప్రశ్న. దీనికి అచ్చువేసిన జవాబు లేదు. కాబట్టి కిందికి చూశాను.

"ఎడంకి ఉందమ్మా."

"తిప్పండి."

"నాను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పైలటునైపోతాను. మీ గంటలు పోతాయి."

"అయితే మోకాలు తియ్యండి."

"కట్టీసినారు."

ఆవిడ ఒక చేత్తో విమానం పట్టుకుని, రెండో చేత్తో నా మోకాలును పక్కకు లాగింది. తాడు సాగలేదు. పంట్లాం చిరిగింది. రెండు వేళ్లు ఎలాగో దూర్చి పిడి తిప్పింది. కింద మెరకపేట చెరుకు తోటలు చాలా దగ్గరకు వచ్చాయి. ఎవరో మనిషి కొడవలి చేత్తో పట్టుకుని తలెత్తి మమ్మల్ని చూస్తున్నాడు. అతని మీసం కనబడింది. అప్పుడు ఇంజను అందుకుంది.

ఆవిడ దిగలేదు. మిగిలిన ఎనిమిది నిమిషాలూ తిరిగింది. పెదవులు కదుపుతూ గడియారం చూసుకుంటూ తిరిగింది. తరవాత దిగింది. చాలా మెత్తగా దిగింది.

షామియానా కింద విచారణ జరిగింది. ఐదు గంటలకు ఇన్‌స్పెక్టరుగారి కారు వెళ్లిపోవాలి. ఆయన పొట్టిగా ఉంటారు, మెల్లగా మాట్లాడతారు.

"ఇంధన సరఫరా స్థితి గురించి తప్పుడు సమాచారం వెలువడినట్లు తెలియుచున్నది. అది ఎవరి నుండి వెలువడినది?"

"సామగ్రి నుండి" అన్నారు విశ్వపతిగారు.

ఇన్‌స్పెక్టరుగారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. నా జేబు మీది అంకె చూశారు. చిరిగిన పంట్లాం చూశారు. "ఇది మనిషివలె కనిపించుచున్నది."

"సామగ్రిగా నమోదైనదండీ. రిజిస్టరు తమ ముందున్నది."

ఆయన రిజిస్టరు రెండుసార్లు చదివారు. తయారీదారు దగ్గర కాసేపు ఆగారు. "రెండు మార్గాలున్నవి. పొరబాటు మనిషిదైతే, విమానంలో మనిషి ఉన్నట్లు. అప్పుడు ఇది సోలో కాదు, పంతొమ్మిదో తేదీదీ కాదు. ఈమె గంటలు రద్దు. లోపం సామగ్రిదైతే, గంటలు నిలుచును. సామగ్రిని పనికిరానిదిగా తీర్మానించి స్టోరు నుండి తొలగించవలెను. ఏది రాయమంటారు?"

విశ్వపతిగారు నా వైపు చూడలేదు. సర్క్యులర్ను గుండెకు ఆనించి పట్టుకుని ఉన్నారు.

కెప్టెన్ జోషువా అన్నాడు, "సార్, తప్పు సర్క్యులర్‌ది అని రాయడానికి గడి ఉందా?"

"లేదు" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"మనిషే అని రాసీయండి" అంది రత్నమాలగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. "ఆయన మనిషండీ. పద్దెనిమిదేళ్ల నుంచీ ఇక్కడున్నాడు. నా గంటల కోసం పనికిరాడని రాసీసి బయటికి తోసీకండి. నా పరీక్షలు పోతే పోనీయండి. మళ్లీ రాసుకుంటాను." మళ్లీ రాయడం ఆవిడ వల్ల కాదని నాకు తెలుసు. బెంచీ మీద తనే చెప్పింది.

నేను కాగితం అడిగాను.

"సామగ్రి నివేదిక రాయవచ్చునా?" అని ఇన్‌స్పెక్టరుగారు సందేహించారు.

"కొన్ని యంత్రాలు తమ లోపాన్ని తామే అచ్చువేసి చూపునండీ" అన్నారు విశ్వపతిగారు. జీవితంలో మొదటిసారి ఆయన మాట ఒకటి నాకు ఉపయోగపడింది.

"సంతకం మాత్రం పెట్టరాదు. సంతకం పెట్టినచో మనిషి అగును" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

నేను ఇలా రాశాను.

పంతొమ్మిదో ప్రశ్న అడిగినప్పుడు పిడి నా మోకాలి పక్కనే ఉంది. తల వంచితే కనబడుతుంది. నేను వంచలేదు. అచ్చులో ఉన్నది చెప్పాను. మనిషైతే చూసి చెబుతాడు. ఆ సీట్లో ఉన్నది చూడకుండా చెప్పింది. కాబట్టి ఆ సీట్లో మనిషి లేడు. ఆవిడ ఒక్కర్తే ఉంది. చూసింది ఆవిడే, తిప్పింది ఆవిడే, దించింది ఆవిడే.

ఇన్‌స్పెక్టరుగారు చదివి, "తర్కం సమగ్రంగా ఉన్నది" అన్నారు. రత్నమాలగారి పుస్తకంలో పది గంటల దగ్గర ముద్ర వేశారు. నాలుగు గంటల యాభై ఐదు నిమిషాలు. కారు వెళ్లిపోయింది.

విశ్వపతిగారు అక్కడే నిలబడి పదిహేనో నంబరు సర్క్యులర్ చెప్పారు, పైడిరాజు రాసుకున్నాడు. చదువువారు ఒకరు, జవాబు చెప్పువారు ఒకరు, జవాబు చెప్పువారు చూసి చెప్పినదీ లేనిదీ చూచువారు ఒకరు. విమానంలో రెండే సీట్లు ఉన్నందున మూడవవారు నేలపైనే ఉండి, విమానంలో ఉన్నట్లు భావించవలెను.

పనికిరాని సామానును మళ్లీ ఎవరూ వాడకుండా పాడుచేసి పారవేయాలని రూలు ఉంది. పైడిరాజు సుత్తి తెచ్చాడు. నన్ను చూశాడు, సుత్తిని చూశాడు, సుత్తి లోపల పెట్టి వచ్చాడు. నా చొక్కా మీద నలభై ఒకటికి అడ్డంగా ఎర్ర పెయింటుతో రెండు గీతలు గీశాడు.

"ఇంక నీకు చీటీ అక్కర్లేదు మావా. తిరిగొచ్చే సామాను కాదు."

గేటు దాటాను. ఎవరూ ఆపలేదు. గేదెల ఉద్యోగం నేను సామగ్రి అయిన రోజే రద్దయిందని అప్పటికే చెప్పారు. మా ఊరి బస్సుకు ఇంకా గంట ఉంది. మెరకపేటలో అంతే.

వెనక నుంచి స్కూటరు వచ్చి పక్కన ఆగింది. రత్నమాలగారు.

"చీపురుపల్లి దాకా ఎక్కండి. అక్కణ్ణుంచి మీకు బస్సులుంటాయి."

"ఫర్వానేదమ్మా."

"ఎక్కమన్నాను కదేటి. మా దుకాణంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటాది. మా ఆయన తుడిచి వేస్తాడు. నేను ఎలాగా దాంట్లో కూచోను."

"నాకు పంపుల సంగతి తెల్దు."

"మీకు విమానాల సంగతీ తెలీదు."

ఎక్కాను. పెయింటు ఇంకా పచ్చిగానే ఉంది. ఆవిడ చీరకు అంటుతుందని వెనక్కి జరిగి కూర్చున్నాను. ఆవిడ తల తిప్పకుండా అడిగింది.

"వెనకాల కాళ్లు పెట్టుకునే కడ్డీ దించేరా?"

దించాను అనబోయాను. నోటిదాకా వచ్చింది. తల వంచి కిందికి చూశాను.

"నేదు" అన్నాను.

ఆవిడ ఇంజను ఆపి, నేను దాన్ని దించేదాకా ఆగింది.